మొగిలి చెరువు దగ్గర ఒక చింతపిక్క తేడా

మొగిలి చెరువు చూడాలని నాకు ఎన్నడూ అనిపించలేదు. చూడాలని ఉన్నది ఓదెలుకు. ఓదెలు నా స్నేహితుడు. మందమర్రిలో మా క్వార్టరుకు ఆరో క్వార్టరు ఆయనది. చిన్నప్పుడు వాళ్ళ బాపుతో నిర్మల్ వైపు ఏదో పెళ్ళికి పోయి, అడవిలో ఆ చెరువు చూశాడట. ఇప్పుడు ఆయనకు యాభై ఆరు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి లేదు. పెట్టుడు కాలుతో కిరాణా దుకాణం దాకా పోయి వస్తాడు. అది పోను రాను ఆరు వందల ఇరవై అడుగులు. చెరువు కాడికి అడవిలో ఎంత నడవాలో చెప్పేవాళ్ళు లేరు. ఫోనులో వెతికితే ఫొటోలు చాలా వచ్చాయి. అడుగులు మాత్రం ఎవరూ లెక్కపెట్టలేదు.

"నువ్వు పోయి చూసి రారాదు సామేలు," అన్నాడు ఓదెలు. "గేటు కాడికెల్లి నీళ్ళ దాంక ఎన్ని అడుగులో లెక్కవెట్టుకొని రా. నాతోని అయితదో కాదో గప్పుడు చూస్త."

ఓదెలు ఏదైనా అడిగితే నేను కాదనను. కారణం ఇక్కడే చెప్పేస్తాను.

మా దగ్గర బొగ్గుగనిని బాయి అంటారు. నేను ఏడో తరగతితో చదువు ఆపి, బాయి మీద ల్యాంపు రూములో చేరాను. లెక్కలు అక్కడే సొంతంగా నేర్చుకున్నాను. పని చాలా తేలిక. కిందికి దిగే మనిషి తన నంబరున్న ఇత్తడి బిళ్ళ నాకిచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయేసరికి నా పెట్టె ఖాళీ కావాలి. ఖాళీ అయితే అందరూ ఇళ్ళకు పోయినట్టు.

పందొమ్మిదేళ్ళ కింద ఒకరోజు పెట్టెలో ఒక బిళ్ళ మిగిలింది. ఓదెలుది. దీపంతోనే ఇంటికి పోయి, మరునాడు తెచ్చిచ్చేవాళ్ళు అప్పుడప్పుడు ఉండేవారు. ఓదెలు కూడా పోయి ఉంటాడనుకున్నాను. చాయ్ తాగాను. ఆయన భార్య వచ్చి, మా ఆయన ఇంకా ఇంటికి రాలేదేమని అడిగినప్పుడు లేచాను. అప్పటికి నలభై నిమిషాలయింది. కింద పైకప్పు రాయి ఊడి ఆయన కాలు మీద పడి ఉంది. నలభై నిమిషాల ముందు తీసి ఉంటే కాలు దక్కేదా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. ఓదెలుతో కూడా ఆ అంకె ఎప్పుడూ అనలేదు. ఆయనకు తెలుసో తెలియదో నాకు తెలియదు.

కాబట్టి ఫిబ్రవరిలో నేనూ నా భార్య రూతూ మొగిలి చెరువుకు బయలుదేరాం.

మంచిర్యాల నుంచి నిర్మల్ దాకా

మంచిర్యాలలో నిర్మల్ బస్సెక్కాం. రూతు ఒక సంచిలో సకినాలు పెట్టుకుంది. నలభై రెండు. ప్రయాణం మూడు రోజులు, మనుషులం ఇద్దరం, కాబట్టి మనిషికి రోజుకు ఏడు. ఈ లెక్క ఆమెకు చెప్పాను. మంచిర్యాల పొలిమేర దాటకముందే ఆమె నాలుగు తిన్నది.

జన్నారం దాకా రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు లెక్కపెట్టాను. యాభై ఎనిమిది దగ్గర ఖానాపూర్ పోయే ఒకామె మా సీటులో మూడో మనిషిగా కూర్చుంది. ఒడిలో ఉల్లినారు కట్ట ఉంది.

"ఎటు పోతున్నరవ్వా?" అని రూతును అడిగింది.

"చెరువు చూడనీకి."

"చెరువు చూడనీకి గింత దూరమా! మీ ఊళ్ళె చెరువు లేదా?"

"ఉన్నది. గీయన దాని చుట్టు అడుగులు లెక్కవెట్టుడు అయిపోయింది. గందుకే ఇంకో చెరువు."

ఆమె ముందుకు వంగి నన్ను చూసింది. తరువాత రూతును చూసింది, కొంచెం జాలిగా. తనకు నాలుగు గుంటల ఉల్లి ఉందనీ, నారు ఎన్ని మొక్కలో తన పెనిమిటికి కూడా తెలియదనీ చెప్పింది. ఆ కట్టలో ఎన్ని ఉంటాయని నేను అడిగాను. "నారు అమ్మినాయన వెయ్యి అని ఇచ్చిండు," అంది. బస్సులో విప్పి లెక్కపెట్టడం కుదరదు కాబట్టి ఆ విషయం అక్కడితో వదిలేశాను. ఈ మాటల్లో ఎన్ని స్పీడు బ్రేకర్లు పోయాయో తెలియదు. తరువాత మళ్ళీ మొదలుపెట్టలేదు.

నిర్మల్ చేరడానికి మూడు గంటల యాభై నిమిషాలు పట్టింది. చాయ్ మందమర్రిలో పది రూపాయలు, ఇక్కడ పన్నెండు. గ్లాసు పెద్దదిగా కనిపిస్తుంది కానీ అడుగు మందం. మందమర్రి చాయ్ తొమ్మిది గుటకలు, నిర్మల్ చాయ్ ఏడు. రుచి మాత్రం నిర్మల్‌దే బాగుంది. ఇది రూతు అభిప్రాయం, నాది కూడా.

సాయంత్రం కొయ్యబొమ్మలు చేసే ఇంటికి పోయాం. పొనికి కర్రతో చేస్తారు. చేతిలో పెడితే కర్ర పట్టుకున్నట్టు ఉండదు, అంత తేలిక. అరటిపండ్లు, మామిడిపండ్లు, పిట్టలు వరుసగా ఆరబెట్టి ఉన్నాయి. రంగులు వేసే ఆమెను ఒక పిట్టకు ఎన్నిసార్లు కుంచె పెడతారని అడిగాను. "పిట్ట అయ్యేదాంక," అంది. నేను ఆలోచిస్తూ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను. దాని మీద అప్పుడే పసుపు రంగు ఒలికిందట. లేచేసరికి నా ప్యాంటు వెనక ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు వెడల్పు పట్టీ ఉంది.

"పండుగకు పసుపు రాసిన గడప లెక్క అయినవ్," అంది రూతు.

ఇంకో ప్యాంటు తేలేదు. మూడు రోజులకు రెండు ప్యాంట్లు అనవసరమని బయలుదేరేముందు నేనే లెక్క చెప్పాను.

గేటు

మరునాడు పొద్దున ఖాజా అనే ఆయన ఆటో మాట్లాడుకున్నాం. పోను రాను, మధ్యలో ఆగడంతో సహా ఆరు వందలు. ఊరు దాటిన పావుగంటకు టేకు అడవి మొదలైంది. ఆకు రాలే కాలం. ఆటో చప్పుడు మీద కూడా టైర్ల కింద ఆకుల చప్పుడు వినపడుతోంది.

రోడ్డు చివర వెదురు గేటు. దాని పక్కన రాయి మీద ఒక పెద్దాయన, ఆయన ముందు పాలపొడి డబ్బా. పేరు లచ్చయ్య. గేటును నడిపేది పక్క ఊరి కమిటీ. మనిషికి పది రూపాయలు. డబ్బులు తీసుకుని ఆయన సంచిలోంచి రెండు చింతపిక్కలు తీసి డబ్బాలో వేశాడు.

"గవేంది?" అని అడిగాను.

"మీరిద్దరు," అన్నాడు లచ్చయ్య. "నాకు రాసుడు రాదు సార్. మనిషి లోపటికి వోతే ఒక పిక్క డబ్బల వడ్తది. బయటికొస్తే తీసి సంచిల ఏస్త. అయిదు గంటలకు గేటు బందు. పొద్దుగూకితే ఎలుగుబంట్లు నీళ్ళకు వస్తయ్. లోపట ఒక్క మనిషి ఉండిపోయినా ఇగ గేటే తెరవనియ్యమని అడవి సార్లు అన్నరు."

నేను ఆయన పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న పని, అడవి మధ్యలో, రాసుడు రాని ఒక మనిషి తనంతట తాను కనిపెట్టుకున్నాడు. నా దగ్గర ఇత్తడి బిళ్ళ, ఆయన దగ్గర చింతపిక్క. అంతే తేడా అనుకున్నాను. మా ల్యాంపు రూము సంగతి చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మొత్తం విన్నాడు.

"అంటే మీరు గుడ కొలిచే మనిషే," అన్నాడు. కాంటాలు రాకముందు ఆయన ఊరి కల్లాల మీద వడ్లు కొలిచేవాడట. "ఇరవై ఏండ్లు కుంచం పట్టిన సార్. ఒక్క గింజ ఇటు పోలే, అటు పోలే."

రూతు అప్పటికే ఇరవై అడుగులు ముందుకు పోయింది. "ఇద్దరు ఒక్కతీరు దొరికిన్రు," అని టేకుచెట్లతో అంది.

నీళ్ళ దాకా

ఓదెలు కోసం ఇది వివరంగా రాస్తున్నాను. గేటు నుంచి నీళ్ళ దాకా రెండు వేల రెండు వందల పన్నెండు అడుగులు. మొదటి తొమ్మిది వందలు చదును. ఆ తరువాత వాగు. అందులో దాటడానికి పద్నాలుగు రాళ్ళు, వాటిలో మూడు కదులుతాయి. పన్నెండు వందల దగ్గర ఒక ఎక్కుడు, నూట ముప్పై అడుగులు. పట్టుకోవడానికి ఇప్పచెట్టు వేళ్ళున్నాయి. మిగతాదంతా దిగుడు. కూర్చోవడానికి వీలైన బండలు ఆరు. అన్నిటి మీదా కూర్చుని చూశాను.

చెరువు ఒక్కసారిగా కనిపించదు. మొదట టేకుల మధ్య తెల్లగా ఏదో మెరుస్తుంది, ఎవరో రేకులు పరిచారేమో అనుకుంటాం. ఇంకో నలభై అడుగులు వేస్తే అది నీళ్ళని తెలుస్తుంది. అవతలి ఒడ్డున మోదుగలు పూసి ఉన్నాయి. కొమ్మల మీద ఎంత ఎరుపుందో నీళ్ళలో కూడా అంతే ఉంది.

బాతులు లెక్కపెట్టాను. మొదటిసారి ఎనభై నాలుగు, రెండోసారి డెబ్బై తొమ్మిది, మూడోసారి తొంభై ఒకటి. మునిగే బాతులు లెక్కకు సహకరించవు. సుమారు ఎనభై ఐదు అని రాసుకుని ఊరుకున్నాను.

మేమిద్దరం ఒడ్డున గంటా యాభై నిమిషాలు కూర్చున్నాం. మాట్లాడుకోలేదు. మా కాలనీలో నిశ్శబ్దం అంటే కరెంటు పోవడం. అప్పుడు కూడా బొగ్గు లారీలు పోతూనే ఉంటాయి. ఇక్కడ ఒక చేప ఎగిరి పడితే రెండు కొండల మధ్య ఆ చప్పుడు వినిపిస్తుంది. రూతు కాళ్ళు నీళ్ళలో పెట్టి, కొంగు తల మీద వేసుకుని, సకినాలు తిన్నది. ఎన్నో నేను చూడలేదు.

తిరిగి గేటు దగ్గరికి వచ్చేసరికి రెండున్నర. లచ్చయ్య మావి రెండు పిక్కలు తీసి సంచిలో వేశాడు. నా కళ్ళతో చూశాను. గేటు పక్క పాకలో ఒకామె జొన్నరొట్టెలు చేస్తుంది. వాటితో పిట్ల పెట్టింది. శనగపిండిని ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో ఉడికిస్తారు. మరాఠీ దేశం పక్కనే కాబట్టి ఇక్కడ ఇంటింటా చేస్తారట. మా దగ్గర శనగపిండి అంటే మిర్చి బజ్జీలే. నేను మూడు రొట్టెలు తిన్నాను. మనిషికి ఎనభై రూపాయలు, ఎన్ని తిన్నా అంతే. ఇలాంటి ధర పెట్టినవాళ్ళకు లెక్క ఎలా కుదురుతుందో నాకు అర్థం కాలేదు.

ఒకటి

లచ్చయ్యతో కొలతల ముచ్చట్లలో ఉండగానే, నాలుగూ ఇరవైకి ఆయనకు ఇంటి నుంచి ఫోను వచ్చింది. బర్రె ఈనుతోంది, దూడ అడ్డం తిరిగింది. లచ్చయ్య లేచి నిలబడి గేటును చూశాడు, డబ్బాను చూశాడు, తరువాత నన్ను చూశాడు.

"సార్, మీరు లెక్క మనిషి. అయిదు దాంక జర చూస్తరా? వచ్చినోళ్ళకు ఒక్కొక్క పిక్క తీసి సంచిల ఎయ్యున్రి. గంతే. కొత్తోళ్ళను లోపటికి తోలకున్రి."

"ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆ డబ్బా నా చేతికిచ్చినందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది.

ఆయన పోగానే పిక్కలు లెక్కపెట్టాను. ఇరవై మూడు. వచ్చినవాళ్ళను అరచేతి మీద పెన్నుతో రాసుకున్నాను. నిర్మల్ కుటుంబం ఒకటి, ఏడుగురు. కాలేజీ పిల్లలు ఐదుగురు. కొత్తగా పెళ్ళయిన జంట. ఇంకో గుంపు, ఏడుగురు. ఐదూ రెండుకు పెద్ద కెమెరా మెడలో వేసుకున్న ఒకాయన. వెనక ఎవరైనా ఉన్నారా అని అడిగాను. "ఎవ్వరు లేరు, నేనే లాస్టు," అని బండెక్కి పోయాడు.

మొత్తం ఇరవై రెండు. డబ్బాలో ఒక పిక్క ఉంది.

డబ్బా బోర్లించాను. ఒకటే. సంచిలోవి లెక్కపెట్టాలంటే అందులో వందలున్నాయి. అరచేతి మీది లెక్క మళ్ళీ కూడాను. ఇరవై రెండు. నన్ను నేను కలుపుకోవడం మరిచిపోయానేమో అని కూడా చూశాను. వాగు దాటి తమను తాము లెక్కపెట్టుకోని శిష్యుల కథ చిన్నప్పుడు అందరం విన్నదే.

"నీ లెక్కే తప్పిందేమో," అంది రూతు.

"తప్పలే."

"కూసో, లచ్చయ్య వస్తడు. ఆయనకు తెలుస్తది."

ఆమె మాటలో తప్పేం లేదు. కూర్చోవచ్చు. పాకలో చాయ్ కూడా మరుగుతోంది. ఆ వాసన రాగానే నేను లేచాను.

ఖాజాను ఊళ్ళోకి తోలాను. "నీళ్ళలకు దిగేటోళ్ళను తోలుకరా. లచ్చయ్యకు గుడ చెప్పు." రూతును గేటు దగ్గరే ఉండమన్నాను. ఎవరైనా బయటికి వస్తే పేరు అడిగి పట్టుకోమన్నాను.

"ఎవరయ్యా ఆ మనిషి?"

"తెలువదు."

ఆ పిక్క గుప్పిట్లో పట్టుకుని ఉరికాను. పొద్దున లెక్కపెట్టిన అడుగులన్నీ మళ్ళీ వేశాను కానీ లెక్కపెట్టలేదు. ముప్పై ఏళ్ళలో నేను లెక్కపెట్టకుండా పోయిన దూరం అదొక్కటే. వాగులో కదిలే మూడు రాళ్ళలో రెండు నాకు గుర్తున్నాయి. మూడోది నన్ను నీళ్ళలో కూర్చోబెట్టింది.

ఎవరి చెప్పులు

చెరువు పొద్దున ఉన్నట్టే ఉంది. అంత నిశ్శబ్దం అప్పుడు బాగనిపించలేదు. "ఓ" అని కేకేశాను. కొండ "ఓ" అంది. పేరు తెలియని మనిషిని ఇంకెలా పిలవాలో తోచలేదు.

ఒడ్డున బురదలో ఒక జత రబ్బరు చెప్పులు కనిపించాయి. ఎనిమిదో నంబరు. పక్కపక్కన, నీళ్ళ వైపు మొహం పెట్టి ఉన్నాయి. నేను ఆ చెప్పుల పక్కన నిలబడి, కనిపించినంత మేర నీళ్ళను వరుసలుగా విభజించి, ఒక్కో వరుసా చూడడం మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యాలో నాకు రాదు. నాకు ఈత రాదు.

కొద్దిసేపటికి చేపలు పట్టే ఇద్దరు లారీ ట్యూబు భుజాన వేసుకుని వచ్చారు. ముందున్న ఆయన పేరు సమ్మయ్య.

"ఎవరు సార్ మునిగింది?"

"తెలువదు."

"ఆడనా, మొగనా?"

"తెలువదు."

"మునుగంగ మీరు చూసిన్రా?"

"చూడలే."

"మరి ఎట్ల తెలిసింది?"

"డబ్బల పిక్క మిగిలింది."

సమ్మయ్య నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. తడిసిన బట్టలు, వెనక పసుపు పట్టీ. ఆయన నవ్వలేదు, వాదించలేదు, చొక్కా తీసి నీళ్ళలోకి దిగాడు. ఆ సంగతి ఇక్కడ రాయాలి. ఎందుకంటే ఆ వేళ, ఆ చలిలో, నా చేతిలో ఉన్న రుజువును చూసి నేనైతే దిగేవాణ్ణో కాదో చెప్పలేను.

ఇద్దరూ ఒడ్డు పొడవునా మునిగి తేలుతూ పోయారు. నేను ఒడ్డు మీద వెంట నడుస్తూ చెప్పులు పైకెత్తి చూపించాను. "గీడ దిగిండు! గీడ చూడున్రి!"

సమ్మయ్య తల పైకెత్తి మొహం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "గవి నావి సార్. పొద్దుగాల మర్చిపోయిన."

మళ్ళీ మునిగాడు.

ఐదూ యాభైకి లచ్చయ్య వచ్చాడు. ఎవరిదో బండి మీద వాగు దాకా వచ్చి, అక్కడి నుంచి ఉరికి వచ్చాడు. మోచేతుల దాకా చేతులు తడిగా ఉన్నాయి. గస వల్ల మాట రావడం లేదు.

"ఎంత మంది... మిగిలిన్రు?"

"ఒక్కరు."

"డబ్బల ఎన్ని పిక్కలున్నయ్?"

గుప్పిట తెరిచి చూపించాను. "ఒక్కటే."

లచ్చయ్య ఆ పిక్కను చూశాడు. తరువాత నీళ్ళలో ఉన్న ఇద్దరినీ చూశాడు. మెల్లగా బండ మీద కూలబడి తల పట్టుకున్నాడు.

"అది మనిషి గాదు సార్. లాభం."

నాకు అర్థం కాలేదు. ఆయన గస తీర్చుకుని చెప్పాడు. కల్లం మీద వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. రెండోది మాత్రం రెండు. కొలత అయిపోయాక కుంచంలో ఒక పిడికెడు గింజలు ఉంచుతారు. ఉత్త కుంచం పెట్టడం అరిష్టం. ఆయన రోజూ పొద్దున గేటు తెరవగానే, ఎవరూ రాకముందే, లాభం అని ఒక పిక్క డబ్బాలో వేస్తాడు. సాయంత్రం అది డబ్బాలోనే ఉంటుంది. మొదటి రోజు నుంచీ అంతే.

"గది లెక్కల పిక్క గాదు గద సార్. గందుకే చెప్పలే. ఉత్త డబ్బ ఎవరన్న పెడ్తరా?"

"మా దగ్గర ఉత్త పెట్టె అయితేనే సంబురం."

"ఉత్తది అయితే సంబురమా!" లచ్చయ్య నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గదేం ఊరు సార్!"

నేను కూడా కూర్చున్నాను. అక్కడ బురద. నా ప్యాంటు మీద పసుపు పట్టీ పక్కన నల్ల పట్టీ పడింది. కళ్ళద్దాలు తుడుచుకున్నాను. తుడుచుకున్నాక కూడా సరిగ్గా కనిపించలేదు కాబట్టి ఇంకోసారి తుడుచుకున్నాను.

సమ్మయ్య గట్టు ఎక్కాడు. పళ్ళు టకటకలాడుతున్నాయి. "అయితే ఎవ్వరు మునుగలే?"

"ఎవ్వరు మునుగలే," అన్నాడు లచ్చయ్య.

"మంచిగాయె," అన్నాడు సమ్మయ్య. నా చేతిలోంచి చెప్పులు తీసుకుని కాళ్ళకు వేసుకున్నాడు. "గివి గుడ దొరికినయ్."

పిక్కను లచ్చయ్యకు ఇవ్వబోయాను. "ఉంచుకోన్రి సార్, పిక్కలకు కరువా," అన్నాడు. దూడ సంగతి అడిగాను. దుడ్డె, అంటే ఆడదూడ, పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నాయి.

గేటు దగ్గర రూతు నిలబడి ఉంది. "దొరికిండా?"

"లేడు."

"లేడంటే?"

"అసలే లేడు."

చెప్పాను. ఆమె "స్తోత్రం" అంది. కాసేపటికి, "మరి గింతసేపు నేను ఎవరి కోసం ప్రార్థన చేసినట్టు?" అంది.

"ఎవరికో ఒకరికి అవసరం ఉండే ఉంటది," అన్నాను. ఆటోలో నా తడిసిన భుజం మీద తన శాలువా కప్పింది. పసుపు రంగు దానికి కూడా అంటింది.

టిఫిన్ డబ్బా

మరునాడు పొద్దున ఖాజా లాడ్జి దగ్గరికి ఒక స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చాడు. లచ్చయ్య ఇంటి నుంచి జున్ను. మిరియాలు, బెల్లం వేశారు. పన్నెండు ముక్కలు. మా దగ్గర యాలకులు వేస్తారు. మిరియాలే మేలని ఇద్దరం ఒప్పుకున్నాం.

నేను డబ్బా కడిగి ఖాజాకు ఇవ్వబోయాను. రూతు నా చేతిలోంచి లాక్కుంది. సంచి తీసి, మిగిలిన సకినాలన్నీ అందులో పెట్టి మూత బిగించింది. తొమ్మిది.

"ఉత్త డబ్బ ఇస్తరా ఎవరన్న?" అంది.

మా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. మా వంటింట్లో గిన్నెలు, గ్లాసులు, చెంచాలు ఎన్నో నాకు తెలుసు. పక్కిళ్ళ నుంచి వచ్చిన గిన్నెలు ఎన్నడూ ఖాళీగా తిరిగి పోలేదని మాత్రం ఆ పొద్దు తెలిసింది.

ఆరో క్వార్టరు

సాయంత్రం మందమర్రిలో దిగి, ప్యాంటు కూడా మార్చకుండా ఓదెలు ఇంటికి పోయాం. ఆయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెట్టుడు కాలు విప్పి గోడకు ఆనించి ఉంది.

"నీళ్ళున్నయా?" అన్నాడు మొదట.

"నిండుగ ఉన్నయ్. రెండు వేల రెండు వందల పన్నెండు."

వాగు, రాళ్ళు, ఎక్కుడు, ఆరు బండలు, అన్నీ చెప్పాను. ఓదెలు కళ్ళు మూసుకుని విన్నాడు. తన అడుగు చిన్నది కాబట్టి తనకు మూడు వేల మూడు వందల దాకా అవుతుందని నేను కట్టిన లెక్క చెప్పాను. "బండ బండకు కూసుంటే అయితది," అన్నాడు. "పొద్దుగాల వోతే పగటియ్యాల్లకు చేరుత. ఎక్కుడు కాడ నువ్వు పట్టుకోవాలె."

"పట్టుకుంట."

తరువాత పిక్క సంగతి చెప్పాను. చెప్పులు, సమ్మయ్య, లచ్చయ్య, లాభం, అంతా. ఓదెలు సమ్మయ్య చెప్పుల దగ్గర బాగా నవ్వాడు. నవ్వు ఆగాక అడిగాడు.

"పిక్క చూసినంక ఎంతసేపు కూసున్నవ్?"

"కూసోలే. లెక్క రెండుసార్లు చూసుకున్న, గంతే. ఒక నిమిషం."

ఓదెలు తల ఊపాడు. "గప్పుడు నలభై."

రూతు లోపల ఓదెలు భార్యతో మాట్లాడుతోంది. ఆ మాటలు వినపడుతున్నాయి.

"నీకు ఎట్ల తెలుసు?" అన్నాను.

"మా ఇంటామె వచ్చేవరకు నువ్వు చాయ్ తాగుతున్నవట గద. షిఫ్టు ఎప్పుడు దిగుతదో నాకు ఎరుకే. ఆమె ఎప్పుడొచ్చిందో ఆమెకు ఎరుకే. నాకు గుడ లెక్కలు వస్తయ్ సామేలూ."

జేబులోంచి పిక్క తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

ఓదెలు దాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "అయితే ఆడ ఆఖరుకు ఒక్కటి మిగిలితే అరిష్టం గాదు."

"గాదు."

"లాభం అంటరు."

"అంటరు."

"గా దినం నీ పెట్టెల మిగిలిన బిళ్ళ నాదే గద," అన్నాడు ఓదెలు. "నేను మిగిలిన గద."

నలభై నిమిషాలు నలభై నిమిషాలే. అందులోంచి నేను ఏమీ తీసివేయలేదు. ఆయన కూడా తీసివేయలేదు. చివర ఒకటి మిగిలింది అన్నాడు, అంతే.

కుర్చీ పక్కన స్టూలు మీద ఆయన మాత్రల డబ్బా ఉంది. రేకుది, పాతది. మాత్రలు అయిపోయాయి, మరునాడు దవాఖానకు పోయి తేవాలి. ఓదెలు మూత తీసి అందులో పిక్క వేశాడు. మూత పెట్టి చెవి దగ్గర ఒకసారి ఊపి చూశాడు. చప్పుడు వచ్చింది.